ఎర్రమంచికి వచ్చేవాళ్ళు, బుక్కపట్నం నుంచి పోయేవాళ్ళు

బెంగళూరు–హైదరాబాద్ రహదారి మీద పెనుకొండ దగ్గరపడేసరికి హోటళ్ళ బోర్డుల మీద కొరియన్ అక్షరాలు కనిపిస్తాయి. 2017 ఏప్రిల్‌లో కియా సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, ఎర్రమంచి దగ్గర 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో కార్ల ఫ్యాక్టరీ కట్టింది. 2019 ఆగస్టులో ఇక్కడ తయారైన సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఆ ఫ్యాక్టరీని నిలబెట్టడానికి కొరియా నుంచి ఇంజనీర్లు, మేనేజర్లు కుటుంబాలతో సహా వచ్చి ఈ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నారు. వేరుశనగ పంట పోయినప్పుడల్లా మూట సర్దుకుని బెంగళూరు రైలెక్కడం అలవాటైన రాయలసీమకు, పని కోసం సముద్రాలు దాటి తన దగ్గరికి వచ్చిన మనుషులను చూడటం కొత్త.

వాళ్ళు ఊరికే రాలేదు. భారత ప్రభుత్వం ఇచ్చే ఎంప్లాయ్‌మెంట్ వీసా మీద వచ్చారు. దాని షరతులు ఒకసారి చూస్తే, అమెరికాకో జర్మనీకో దరఖాస్తు పెట్టుకునే ఇదే జిల్లా బుక్కపట్నం కుర్రాడికి వర్క్ వీసా అంటే ఏమిటో సగం అర్థమవుతుంది. అర్హత ఉన్న భారతీయులు దొరికే పనికి ఈ వీసా ఇవ్వరు. జీతం ఏడాదికి 16.25 లక్షల రూపాయలకు తగ్గకూడదు. తమ దేశపు వంట వండే వంటవాళ్ళకు, భాష నేర్పేవాళ్ళకు, అనువాదకులకు మాత్రం ఈ జీతం నిబంధన నుంచి మినహాయింపు ఉంది. 180 రోజులకు మించి ఉండేవాళ్ళు వచ్చిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు అధికారి దగ్గర పేరు రాయించుకోవాలి. వెంట వచ్చిన భార్య లేదా భర్త ఆ కుటుంబ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. అన్నిటికంటే ముఖ్యం: ఏ కంపెనీ పేరు మీద వీసా వచ్చిందో ఆ కంపెనీలోనే పని చేయాలి. దాని అనుబంధ సంస్థకు మారడం లాంటి కొన్ని సందర్భాలు తప్పిస్తే, ఇక్కడే ఉండి యజమానిని మార్చుకునే వీలు లేదు.

అమెరికా మనవాళ్ళను కంపెనీకి కట్టేస్తోందని బాధపడే మాట మన ఇళ్ళల్లో తరచూ వినిపిస్తుంది. ఆ ఒక్క విషయంలో మన చట్టం అమెరికా చట్టం కన్నా బిగువుగా ఉంది. హెచ్-1బి అనే అమెరికా వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళు కొత్త కంపెనీ తమ కోసం పిటిషన్ దాఖలు చేసిన వెంటనే అందులో చేరడానికి 2000లో వచ్చిన చట్టం అనుమతిస్తోంది. ఏ దేశమైనా వర్క్ వీసాను తన అవసరం చూసుకునే ఇస్తుంది. అడిగేవాడి ప్రతిభ ఆ అవసరంతో కలిసినప్పుడే లెక్కలోకి వస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లా నుంచి విదేశాలకు దరఖాస్తు చేసే ప్రతి ఇంజనీరూ, ప్రతి నర్సూ మొదట పట్టుకోవలసిన సంగతి ఇదే. వీసా తాళం ఎవరి చేతిలో ఉంది? కంపెనీ చేతిలోనా, తన చేతిలోనా?

తప్పు వీసా మీద పని చేస్తే ఎంత దూరం పోతుందో 2025 సెప్టెంబరు 4న ప్రపంచం చూసింది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో హ్యుందాయ్, ఎల్జీ సంస్థలు కలిసి కడుతున్న బ్యాటరీ ఫ్యాక్టరీ మీద ఇమిగ్రేషన్ అధికారులు దాడి చేసి 475 మందిని పట్టుకున్నారు. వాళ్ళలో 300 మందికి పైగా కొరియన్లు. కియా కూడా హ్యుందాయ్ గ్రూపులోదే. ఎర్రమంచిలో యంత్రాలు బిగించినవాళ్ళలాంటి నిపుణులే అక్కడ చేతులకు సంకెళ్ళతో బస్సులెక్కారు. చాలామంది వ్యాపార పర్యటన వీసాల మీదో, వీసా అక్కర్లేని స్వల్పకాల అనుమతి మీదో వెళ్ళినవాళ్ళు. వారం తర్వాత కొరియా ప్రభుత్వం విమానం పంపి వాళ్ళను ఇంటికి తెచ్చుకుంది. ఇలాంటి తప్పు మన కంపెనీల చరిత్రలోనూ ఉంది. పని చేయించడానికి బి-1 వ్యాపార వీసాలు వాడారన్న ఆరోపణల కేసును ముగించడానికి ఇన్ఫోసిస్ 2013లో 3.4 కోట్ల డాలర్లు కట్టింది. తమ తప్పేమీ లేదని సంస్థ అప్పుడు చెప్పింది. మన దేశం కూడా 2009లో, వ్యాపార వీసాల మీద వచ్చి ప్రాజెక్టుల్లో పని చేస్తున్న విదేశీయులను వెనక్కి పోయి సరైన వీసా తెచ్చుకోమంది. మీటింగుకు వెళ్ళడం వేరు, పని చేయడం వేరు. "ముందు విజిట్ మీద పో, అక్కడ మార్చుకుందువు" అని చెప్పే ఏజెంటు మాట ఎందుకు వినకూడదో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అమెరికా దారి తెలుగువాళ్ళకు ఇంత పెద్దదెప్పుడయింది? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల్లో బోస్టన్ చేరిన కాలంలో భారతీయులకు అక్కడ పౌరసత్వం పొందే హక్కు లేదు. 1946లో వచ్చిన చట్టం ఆ హక్కు ఇచ్చింది గాని, వలసకు ఏటా 100 మందికే చోటు పెట్టింది. ఎన్నో మందుల వెనుక ఉన్న ఆ శాస్త్రవేత్త 1948లో చనిపోయే దాకా అమెరికా పౌరుడు కాలేదు. 1965 చట్టం తలుపు తీశాక డాక్టర్లు వెళ్ళారు, వాళ్ళ వెనక ఇంజనీర్లు వెళ్ళారు. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) తొలి సభ జరిగింది. హెచ్-1బి అనే వర్గం 1990 నాటి చట్టంతో పుట్టింది. ఏడాదికి 65 వేల పరిమితి పెట్టారు. ఐటీ రంగంలో పెరిగిన గిరాకీలో 2001 నుంచి 2003 వరకు దాన్ని 1,95,000 చేశారు. అనంతపురం, హిందూపురం కాలేజీల్లో చదివినవాళ్ళు పెద్ద సంఖ్యలో విమానమెక్కడం మొదలైంది ఆ కాలంలోనే. తర్వాత పరిమితి మళ్ళీ 65 వేలకు దిగింది. అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకు మరో 20 వేలు కలిపారు. అప్పటి నుంచి ఆ అంకెలు మారలేదు.

ఈ జిల్లాకు దగ్గరి కథ ఒకటుంది. మైక్రోసాఫ్ట్ అధినేత సత్య నాదెళ్ళ పుట్టింది హైదరాబాద్‌లో. ఆయన తండ్రి, ఐఏఎస్ అధికారి యుగంధర్ సొంత ఊరు మాత్రం అనంతపురం జిల్లా బుక్కాపురం. (బుక్కపట్నం వేరు, బుక్కాపురం వేరు.) 1992 డిసెంబరులో పెళ్ళయ్యేనాటికి నాదెళ్ళ దగ్గర గ్రీన్ కార్డు ఉంది. భార్యను తెచ్చుకోవడానికి ఆ కార్డే అడ్డమయింది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళ జీవిత భాగస్వాములు ఏళ్ళ తరబడి వరసలో ఉండాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళ భాగస్వాములు వెంటనే రావచ్చు. 1994లో నాదెళ్ళ ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్ళి, గ్రీన్ కార్డు వెనక్కి ఇచ్చేస్తాను, హెచ్-1బి ఇవ్వండి అని అడిగారు. అంతా పడి చచ్చేదాన్ని వదులుకున్న మనిషిగా మైక్రోసాఫ్ట్ క్యాంపస్‌లో కొన్నాళ్ళు ఆయన్ని చెప్పుకున్నారు. ఈ సంగతి ఆయనే తన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో రాశారు. అందరికీ ఆయన అవకాశాలు ఉండవు. అయినా వీసా ఎంచుకునేటప్పుడు పేరు ప్రతిష్ఠలు చూడకుండా, ఆ కాగితం ఇంట్లోవాళ్ళకు ఏం ఇస్తుందో చూశారు. అనుసరించదగ్గది ఆ చూపు.

ఇప్పటి లెక్కలకు వద్దాం. 2020 నుంచి హెచ్-1బికి కంపెనీ ముందుగా ఆన్‌లైన్లో పేరు నమోదు చేస్తుంది, ఆ పైన లాటరీ. 2024 ఆర్థిక సంవత్సరానికి అర్హమైన నమోదులు 7,58,994 వచ్చాయి. ఒకే మనిషికి నాలుగైదు కంపెనీలు పేరు వేసి అదృష్టాన్ని పెంచుకునే వ్యవహారం అందులో చాలా ఉంది. ఎన్ని కంపెనీలు వేసినా మనిషికి ఒక్కటే చీటీ అని నిబంధన మార్చాక, నమోదు రుసుము 10 డాలర్ల నుంచి 215 డాలర్లు చేశాక, 2026 సంవత్సరానికి అది 3,43,981కి పడిపోయింది. వాటిలో 1,20,141 ఎంపికయ్యాయి. అంటే మూడింట ఒకటి. దొంగ చీటీలు తగ్గితే నిజాయితీగా దరఖాస్తు చేసినవాడి అవకాశం పెరుగుతుందని ఈ రెండు అంకెలే చెబుతున్నాయి. ఎక్కువ చీటీలు వేయించిన కన్సల్టెన్సీల్లో మనవాళ్ళవీ తక్కువేమీ లేవు. ఆ మార్పు వల్ల ఎక్కువ మేలు జరిగింది కూడా మన పిల్లలకే.

ఆ మేలు నిలిచేలోపే ఇంకో దెబ్బ. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ప్రకటన ప్రకారం, దేశం బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్‌కు కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. మన డబ్బులో 88 లక్షల పైన. ప్రకటన గడువు 12 నెలలు, పొడిగించే వీలు పెట్టారు. అక్టోబరులో ఇమిగ్రేషన్ శాఖ వివరణ ఇచ్చింది: అమెరికాలోనే చదువుకుంటూ ఉండి, అక్కడే స్టూడెంట్ వీసా నుంచి హెచ్-1బికి మారేవాళ్ళకు ఈ రుసుము లేదు. ఒకే కాలేజీలో ఒకే బెంచీ మీద చదివిన ఇద్దరిలో, అప్పు చేసి టెక్సాస్‌లో మాస్టర్స్‌కు పోయినవాడికి దారి తెరిచి ఉంది. బెంగళూరులో ఆరేళ్ళు పని చేసి నైపుణ్యం సంపాదించిన వాడి ముందు లక్ష డాలర్ల గోడ లేచింది. నైపుణ్యం ఉన్నవాళ్ళనే రమ్మనే వీసాలో ఇది పెద్ద అన్యాయం. దీనికి తోడు 2026 ఫిబ్రవరి 27 నుంచి లాటరీకి జీతాన్ని బట్టి బరువు కట్టారు. నాలుగో స్థాయి జీతం ఉన్నవాళ్ళ పేరు నాలుగు సార్లు, మొదటి స్థాయి వాళ్ళ పేరు ఒక్కసారే లాటరీలో పడుతుంది. కొత్తగా చదువు ముగించిన పిల్లలు ఎక్కువగా ఉండేది ఆ మొదటి స్థాయిలోనే. లక్షల అప్పుతో పిల్లలను పంపుతున్న తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరో ఒకరు తెలుగులో కూర్చోబెట్టి చెప్పాలి.

లాటరీ తగిలాక కూడా కాన్సులేట్ గడప ఉండనే ఉంది. 2008లో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచేదాకా ఈ ప్రాంతం వాళ్ళు వీసా స్టాంపింగ్‌కు చెన్నై పోవలసి వచ్చేది. బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలైన ఆ ఆఫీసు 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడ కొత్త భవనానికి మారింది. దూరం తగ్గిన మాట నిజమే. కానీ 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, వాళ్ళ కుటుంబాలకిచ్చే హెచ్-4 వీసాల దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలు కూడా పరిశీలించడం మొదలుపెట్టారు. దాంతో ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. పెళ్ళికో, తల్లిదండ్రులను చూడటానికో సెలవు మీద వచ్చిన ఇంజనీర్లు తిరిగి వెళ్ళలేక ఇళ్ళల్లో కూర్చుని రాత్రిళ్ళు లాప్‌టాప్ మీద పని చేశారు. స్టాంపింగ్ గడువు దాటినవాళ్ళు ఊరికి రావాలంటే భయపడే రోజులివి.

ఉద్యోగం పోతే? 2017 నుంచి హెచ్-1బి వాళ్ళకు 60 రోజుల గడువు ఇస్తున్నారు. ఆలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా దేశం వదలాలి. 2022, 2023లో పెద్ద కంపెనీలు వేల మందిని తీసేసినప్పుడు ఈ 60 రోజులే తెలుగు కుటుంబాలకు నిద్ర పట్టనివ్వలేదు. గ్రీన్ కార్డు వస్తే ఈ భయం పోతుంది. అది రావడమే కష్టం. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు ఏటా సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి పోకూడదని 1990 నాటి చట్టం పెట్టిన లెక్క ఇప్పటికీ నడుస్తోంది. మరోపక్క 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమోదం పొందిన హెచ్-1బిల్లో 71 శాతం భారతీయులవే. ఒక తలుపు నుంచి వందలో డెబ్భై మందిని లోపలికి పిలిచి, రెండో తలుపు దగ్గర ఏడుగురికే చోటు అంటే ఏమవుతుంది? 2025లో ఈబీ-2 అనే గ్రీన్ కార్డు వర్గంలో భారతీయుల వంతు 2013 ప్రాంతంలో వేసిన దరఖాస్తుల దగ్గర ఆగి ఉంది. తల్లిదండ్రులు వరసలో నిలబడి ఉండగానే పిల్లలకు 21 ఏళ్ళు నిండి, వాళ్ళు కుటుంబ దరఖాస్తు నుంచి జారిపోతున్నారు.

వీసా ఒక మనిషి పేరు మీద, ఆ మనిషి ఉద్యోగం మీద నిలబడితే మిగతా కుటుంబం ఎంత పలచటి నేల మీద ఉంటుందో చెప్పడానికి కాన్సస్ ఘటన చాలు. 2017 ఫిబ్రవరి 22న ఓలేత్ పట్టణంలోని ఒక బార్‌లో హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను జాతి ద్వేషంతో కాల్చి చంపారు. భర్తతో పాటే భార్యకు ఆ దేశంలో ఉండే హక్కు కూడా ఆగిపోయింది. అంత్యక్రియలకు ఇండియా వచ్చిన ఆమె తిరిగి వెళ్ళగలదా అన్నది ప్రశ్నయింది. స్థానిక కాంగ్రెస్ సభ్యుడు పూనుకుంటే గాని తాత్కాలిక అనుమతి రాలేదు. హెచ్-4 భార్యలకు పని చేసే అనుమతి 2015లో వచ్చింది. అది కూడా భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే. ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో ఉద్యోగం చేసి, పెళ్ళయి అమెరికా పోయి వంటింటికి పరిమితమైన ఆడపిల్లలు మన జిల్లాలో వీధికొకరు దొరుకుతారు. వీసా దరఖాస్తు గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళ చదువు, వాళ్ళ జీతం లెక్కలోకి రాకపోవడం చాలా తప్పు.

తాళం కొంతైనా మన చేతిలో ఉండే దారులు వేరే ఉన్నాయి. కెనడా 2015 జనవరిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ మొదలుపెట్టింది. కంపెనీ పిలుపు లేకపోయినా వయసు, చదువు, అనుభవం, ఇంగ్లీషు మార్కులను బట్టి పాయింట్లు వేసి శాశ్వత నివాసానికి పిలుస్తారు. వయసు పాయింట్లు 20 నుంచి 29 ఏళ్ళ వాళ్ళకు పూర్తిగా వస్తాయి, ఆ తర్వాత ఏటా తగ్గి 45కి సున్నా అవుతాయి. చదువు ఆలస్యంగా ముగించి, చెల్లెలి పెళ్ళి అప్పు తీర్చి, ముప్పై అయిదుకు దరఖాస్తు వైపు చూసే సీమ యువకుడు ఇక్కడ నష్టపోతాడు. దొంగ ఉద్యోగ పత్రాల అమ్మకం పెరిగిపోవడంతో 2025 మార్చిలో ఉద్యోగ పత్రానికిచ్చే పాయింట్లనే కెనడా తీసేసింది. బ్రిటన్ వేరే దారి పట్టింది. 2025 జూలై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ జీతం హద్దు 41,700 పౌండ్లు, ఉద్యోగం డిగ్రీ స్థాయిదై ఉండాలి. ముసలివాళ్ళను చూసుకునే కేర్ వర్కర్ ఉద్యోగాలకు విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం అదే రోజున ఆపేశారు. ఆరోగ్య సర్‌చార్జి మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు. వీసా ఎన్నేళ్ళకు అడిగితే అన్నేళ్ళదీ ముందే కట్టాలి. అయిదేళ్ళకు 5,175 పౌండ్లు, అదీ ఒక్క మనిషికి. కంపెనీ కట్టకపోతే మామూలు కుటుంబం మోయలేని బరువు అది.

జర్మనీ సంగతి కొంచెం నిలబడి చూడాలి. ఐటీ నిపుణులను రప్పించడానికి 2000లో ఆ దేశం 20 వేల గ్రీన్ కార్డులు ప్రకటిస్తే, భారతీయులు వద్దు, మన పిల్లలను చదివించుకుందాం అని అక్కడి ఎన్నికల ప్రచారంలో నినాదాలు లేచాయి. పాతికేళ్ళలో గాలి తిరిగింది. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబరులో జర్మన్ ప్రభుత్వమే చెప్పింది. ఉద్యోగ పత్రం చేతిలో ఉంటే ఈయూ బ్లూ కార్డు ఉంది. 2026కి జీతం హద్దు 50,700 యూరోలు. నిపుణుల కొరత ఉన్న వృత్తులకు, కొత్తగా డిగ్రీ ముగించినవాళ్ళకు ఇంకా తక్కువ. మూడేళ్ళ అనుభవం ఉన్న ఐటీ మనిషికి డిగ్రీ లేకపోయినా బ్లూ కార్డు రావచ్చు. భార్యాభర్తలిద్దరికీ పని చేసుకునే స్వేచ్ఛ ఉంటుంది. 27 నెలలకు శాశ్వత నివాసం అడగవచ్చు, జర్మన్ భాష బి1 స్థాయి వస్తే 21 నెలలకే. ఉద్యోగం లేకుండా పోయి వెతుక్కునేవాళ్ళకు 2024 జూన్ 1 నుంచి ఆపర్చునిటీ కార్డు ఇస్తున్నారు. ఆరు పాయింట్లు తెచ్చుకోవాలి. ఏడాది ఉండవచ్చు, వారానికి 20 గంటలు పని చేయవచ్చు, బతకడానికి డబ్బు ఉందని ముందే చూపించాలి. 2025లో అది నెలకు 1,091 యూరోల లెక్క.

కుటుంబం దృష్టితో చూస్తే ఇప్పుడు అందుబాటులో ఉన్నవాటిలో జర్మనీ దారే మెరుగు. మనవాళ్ళు అటు తక్కువగా చూడటానికి భాష ఒక్కటే కారణం. అమెరికాలో మాస్టర్స్‌కయ్యే అప్పులో చిన్న భాగంతో, ఏడాది కాలంలో బెంగళూరులోనే జర్మన్ నేర్చుకోవచ్చు.

దేశం ఏదైనా, దరఖాస్తు సగం చెడేది ఇంట్లోని కాగితాల దగ్గర. ఇక్కడ మొదటి చిక్కు పేరు. మన వైపు ఇంటిపేరు ముందు వస్తుంది, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, కొందరికి పాస్‌పోర్టులో ఉండనే ఉండదు. హిందూపురం, కదిరి వైపు ముస్లిం కుటుంబాల్లో షేక్, పఠాన్ ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక ఉంటాయి. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉంటే అమెరికా వీసాలో దాన్నే ఇంటిపేరుగా వేసి, అసలు పేరు స్థానంలో తెలియదు అని అర్థం వచ్చే మూడు అక్షరాలు ముద్రిస్తారు. ఆ తర్వాత డ్రైవింగ్ లైసెన్సులో, బ్యాంకు ఖాతాలో అవే మూడు అక్షరాలు ఏళ్ళ తరబడి మనిషి పేరై కూర్చుంటాయి. పాస్‌పోర్టులో ఒకే పేరున్న వాళ్ళను విజిట్ వీసా మీద రానివ్వమని 2022 నవంబరులో యూఏఈ తేల్చి చెప్పింది. ఇంటిపేరును టెన్త్ ఫారం నింపేటప్పుడే పూర్తిగా రాయిస్తే, పదేళ్ళ తర్వాత పడే పాట్లు తప్పుతాయి. ఈ పని బడిలో హెడ్మాస్టరు చేయగలరు. ప్రభుత్వం ఒక్క సర్క్యులర్‌తో చేయించగలదు.

రెండోది పుట్టిన తేదీ. కాన్పు ఇంట్లో జరిగి, పంచాయతీలో నమోదు కాని తరం ఇంకా పని చేసే వయసులోనే ఉంది. పాస్‌పోర్టు టెన్త్ సర్టిఫికెట్‌తో వస్తుంది. గ్రీన్ కార్డు దశలో మాత్రం జనన ధ్రువపత్రం అడుగుతారు. అది లేదని రాసిచ్చే పత్రం, దానికి తోడు పెద్దవాళ్ళ ప్రమాణ పత్రాలు కావాలి. ఆ పెద్దవాళ్ళు బతికి ఉండగానే ఆ పని చేసుకోవాలి. డిగ్రీ పట్టాల సంగతికొస్తే, అనంతపురం జేఎన్‌టీయూ నాలుగేళ్ళ బీటెక్‌కు ఇబ్బంది తక్కువ. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి మూడేళ్ళ బీఎస్సీ చేసినవాళ్ళకు అమెరికా నాలుగేళ్ళ డిగ్రీ లెక్క కడుతుంది. లోటు పడిన ఒక్క ఏడాదికి మూడేళ్ళ ఉద్యోగ అనుభవం చూపించాలి. ఆ అనుభవ పత్రాల్లో చేసిన పని వివరంగా ఉండాలి. కంపెనీ మానేసేటప్పుడే అడిగి తీసుకోవలసిన కాగితం అది. కంపెనీ మూతపడ్డాక ఎవరూ ఇవ్వరు.

ఈ లెక్కల్లో ఎక్కడా ఇమడని నైపుణ్యం ఈ జిల్లాలో బోలెడంత ఉంది. ధర్మవరం మగ్గం మీద పట్టుచీర అంచు తీర్చే నేతగాడి చేతిపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ చేతులున్న మనిషికి మాత్రం, పట్టా లేకపోతే చాలా దేశాల స్కిల్డ్ వీసా లెక్కల్లో చోటు దొరకదు. బుక్కపట్నం డైట్‌లో తరతరాల ఉపాధ్యాయులు తయారయ్యారు. ఆ డిప్లొమా ఒక్కటే ఉంటే అమెరికా దాన్ని డిగ్రీ కింద చూడదు. నైపుణ్యం అంటే యూనివర్సిటీ పట్టా అనే లెక్క చాలా దేశాల్లో నడుస్తున్నంత కాలం, వీసా మాట వచ్చినప్పుడు ఊళ్ళోని సగం మంది పనిమంతులు పనితనం లేనివాళ్ళ కిందే జమ.

గల్ఫ్ దారి వేరే పుస్తకమంత ఉంటుంది. కడప, రాయచోటి, రాజంపేట నుంచి కువైట్‌కు సాగే ప్రయాణాలు జగమెరిగినవే. ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. 1983 వలస చట్టం ప్రకారం, పది పాస్ కానివాళ్ళు 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. పది పాసై, ఆ పైన చదువుకున్నవాళ్ళకు ఈ అనుమతి అక్కర్లేదు. అందుకే మోసగాళ్ళు ఇప్పుడు వాళ్ళ మీద పడ్డారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి టూరిస్టు వీసా మీద కంబోడియా తీసుకెళ్ళి, సైబర్ మోసాలు చేయించిన ముఠాను 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అందులో చిక్కినవాళ్ళు చదువు లేనివాళ్ళు కాదు. అంతకు ముందు 2011లో కాలిఫోర్నియా ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు తెలుగు విద్యార్థుల కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా ప్రభుత్వమే పెట్టిన వలలో పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు, వాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళు. చదవకుండా చదువుతున్నట్టు, పని చేయకుండా చేసినట్టు కాగితం పుట్టించే వ్యాపారంలో అమ్మినవాడు డబ్బుతో బయటపడతాడు, కొన్నవాడి పేరు మీద ఆ ముద్ర జీవితాంతం ఉంటుంది. దొంగ అనుభవ పత్రం ఒకసారి దొరికితే, ఆ తర్వాత పెట్టే నిజమైన దరఖాస్తును కూడా ఎవరూ నమ్మరు.

ఇలాంటి దొంగ దారులు పట్టకుండా పోయే దారి ఒకటి దగ్గరలోనే ఉంది. బుక్కపట్నం నుంచి బెంగళూరు నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు. విదేశీ కంపెనీలు తమ సొంత పనుల కోసం ఇండియాలో పెట్టుకున్న కేంద్రాలు 1,700 దాటితే, వాటిలో సగం దాకా బెంగళూరులోనే ఉన్నాయి. ఈ జిల్లా పిల్లలకు ఇప్పుడు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న దారి ఇదే. అయినా దీని గురించి మాట్లాడుకునేది తక్కువ. అలాంటి కేంద్రంలో ఏడాది పని చేసినవాళ్ళను కంపెనీ తన అమెరికా ఆఫీసుకు ఎల్-1 వీసా మీద పంపవచ్చు. దానికి లాటరీ లేదు, సంఖ్యా పరిమితి లేదు, లక్ష డాలర్ల రుసుము లేదు. 2021 నవంబరు నుంచి ఎల్-2 మీద వెళ్ళిన భార్యకో భర్తకో పని చేయడానికి వేరే అనుమతి అక్కర్లేదు. అయితే మేనేజరు స్థాయి ఉండాలి, లేదా ఆ కంపెనీకి మాత్రమే చెందిన ప్రత్యేక పరిజ్ఞానం ఉందని రుజువు చేయాలి. మేనేజర్లకు ఏడేళ్ళు, మిగతావాళ్ళకు అయిదేళ్ళు గడువు. ఎల్-1 మీద ఉండగా కంపెనీ మారడానికి లేదు. బెంగళూరు కేంద్రంలో ఉద్యోగ పత్రం మీద సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఈ విభాగం నుంచి ఇంతకుముందు ఎవరినైనా ఎల్-1 మీద పంపారా, ఎన్నేళ్ళ తర్వాత పంపారు, అక్కడికి వెళ్ళాక గ్రీన్ కార్డు దరఖాస్తు కంపెనీ వేస్తుందా. జీతం సంగతి మాట్లాడేటప్పుడే ఇవీ అడగవచ్చు. జవాబును ఈమెయిల్‌లో తీసుకోవడం మేలు.